ఇంజన్ ఆపకుండా చూడాల్సిన ఆయిల్

నిన్న మా మెకానిక్ షెడ్డుకు ఒక పాత పికప్ వచ్చింది. గేర్ ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ లాగితే, ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ కాఫీ డికాక్షన్ రంగులో ఉంది. మాడిన వాసన గుప్పుమంది. ఆ వాసన తగిలితే నేనిక కడపలో ఉండను, కువైట్‌లో వఫ్రా తోటల్లో ఓబులేసన్న పక్కన నిలబడి ఉంటాను. ఆయనది రాయచోటి దగ్గర పల్లె. బక్కమనిషి, నాకంటే పదిహేనేళ్లు పెద్ద. మేం పనిచేసే టమాటా తోటకు డ్రైవరు. ఆయన బండి క్లచ్చు లేని ఆటోమేటిక్ పికప్, అప్పటికే ముసలిదైపోయింది.

ఆ గేర్‌బాక్స్ మీద ఆయన శ్రద్ధ చూసి మేం నవ్వుకునేవాళ్లం. ప్రతి శుక్రవారం బండిని చదును నేల మీద నిలిపి, ఇంజన్ బాగా వేడెక్కాక, బ్రేకు తొక్కిపట్టి గేర్లన్నీ ఒకసారి వేసి తీసి, ఇంజన్ నడుస్తుండగానే డిప్‌స్టిక్ లాగేవాడు. తెల్లగుడ్డకు తుడిచి రంగు చూసేవాడు, వాసన చూసేవాడు. ఆయిల్ మార్చినా మొత్తం ఒకేసారి మార్చడు. కింది తొట్టిలో, అంటే పాన్‌లో, ఉన్నంత మాత్రం దించి, అంతే కొత్తది పోస్తాడు. "అంతా మార్చేయచ్చు గదన్నా" అంటే, "ముసలి పానం రా. ఒక్కతూరి మారిస్తే తట్టుకోల్యాదు" అనేవాడు. సొంత అత్తకైనా ఇంత సేవ చేశావా అని నేను వెక్కిరించేవాణ్ణి.

ఆ ఎండాకాలం, 1990లో, ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. మా నవ్వులు అక్కడితో ఆగిపోయాయి. కొన్ని వారాలకు, పట్నంవైపు మిష్రిఫ్‌లో ఉండే మా యజమాని, కఫీల్, తోటకు వచ్చి మా పాస్‌పోర్టులూ బండి తాళమూ ఓబులేసన్న చేతిలో పెట్టాడు. "ఖలాస్, యల్లా", అయిపోయింది, ఇక బయలుదేరండి అని ముఖం అటు తిప్పుకున్నాడు. ఇరాక్ మీదుగా జోర్డాన్ చేరితే ఇండియాకు విమానాలున్నాయని చెప్పుకుంటున్నారు. తోటలో ఎనిమిదిమందిమి, కఫీల్ ఇంట్లో పనిచేసే ఆడవాళ్లు ఇద్దరు. అందరికీ ఆ ముసలి బండే దిక్కు.

బయలుదేరే పొద్దున ఓబులేసన్న నీళ్ల డబ్బాలు సర్దుతూ, గేర్ ఆయిల్ చూడమని నాకు పురమాయించాడు. పెట్రోలుకు కటకటగా ఉన్న రోజులు. నేనేదో పెద్ద తెలివిగలవాణ్ణయినట్టు, ఇంజన్ స్టార్ట్ చేయకుండానే డిప్‌స్టిక్ లాగి, "ఫుల్లుగా ఉండాదన్నా" అన్నాను.

బస్రా దాటాక, మిట్టమధ్యాహ్నం బండి మొరాయించింది. ఇంజన్ గొంతు చించుకుంటోంది, చక్రాలు కదలవు. చుట్టూ ఇసుక. ఉన్న నీళ్లు సాయంత్రానికి కూడా చాలవు. గోదావరి వైపు నుంచి వచ్చిన మరియమ్మక్క పైకే ప్రార్థన మొదలుపెట్టింది. ఓబులేసన్న ఇంజన్ నడుస్తుండగానే డిప్‌స్టిక్ లాగాడు. కొన కూడా తడవలేదు.

"పొద్దున ఇంజన్ ఆపి చూసినావా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. అందరూ నావైపే చూస్తున్నారు.

"ఆపే చూసినాన్నా" అన్నాను.

"ఆపితే పైన తిరిగే ఆయిలంతా కిందికి దిగుతాది రా. ల్యాకపోయినా ఉన్నట్టే చూపిస్తాది" అన్నాడు, అంతే. ఒకడు నా మీదికి రాబోతే అడ్డం నిలబడ్డాడు. "నేను చూసుకోవల్సిన పని వానికి చెప్పినా. తప్పు నాది."

గేర్‌బాక్స్ అడుగున సీలు దగ్గర ఆయిల్ కారుతోంది. సీటు వెనక దాచిన రెండు డబ్బాల ఆయిల్ తీశాడు. బండి కాస్త చల్లారాక, తోటలో మొక్కలకు నీళ్లు పారించే సన్నపైపు ముక్కను డిప్‌స్టిక్ గొట్టంలో దూర్చి, నీళ్లసీసాను సగానికి కోసి గరాటుగా పెట్టాడు. ఇంజన్ స్టార్ట్ చేసి కొద్దికొద్దిగా పోశాడు. మట్టం చూసే పని మాత్రం మళ్లీ నాకే ఇచ్చాడు. బండి కదిలినప్పుడు పదిమందిలో సిగ్గు లేకుండా ఏడ్చాను. ఆ తర్వాత దారి పొడవునా, ఆగిన ప్రతిచోటా చూసింది నేనే.

జోర్డాన్ సరిహద్దులో బండ్లను దాటనివ్వలేదు. జనం మూటలు నెత్తిన పెట్టుకుని వరసల్లోకి పరుగెత్తుతున్నారు. ఓబులేసన్న మాత్రం బండిని పక్కన చదునుగా నిలిపి, మట్టం చూసి, డబ్బాలో మిగిలిన ఆయిల్ పోయసాగాడు. నాకు ఒళ్లు మండింది.

"వదిలేసి పోయే బండికి ఇంగేంటికన్నా? వరస పెరిగిపోతాంది, రాన్నా!" అని చెయ్యి పట్టి లాగాను.

ఆయన చెయ్యి విడిపించుకున్నాడు. "ఎవురో ఒగరు దీన్ని తోల్తారు గదరా. వాళ్లెనక గూడా మనుషులు కూర్చోనుంటారు."

డబ్బా ఖాళీ అయ్యాక తాళం బండికే ఉంచి వచ్చాడు. ఊరు చేరాక ఆయన మళ్లీ గల్ఫ్ పోలేదు. చనిపోయి కూడా చాలా ఏళ్లయింది. నా షెడ్డుకు అప్పుడప్పుడు అమ్మేయడానికి సిద్ధం చేసిన బండ్లు వస్తాయి. పైపైన చూసి పంపేయమంటారు యజమానులు. నేను ఇంజన్ స్టార్ట్ చేసి, వేడెక్కేదాకా నిలబడతాను. దాన్ని కొనేదెవరో నాకు తెలియదు. వాళ్ల పిల్లలు వెనక కూర్చుంటారని మాత్రం తెలుసు.