పెద్దమ్మ చేతులు ఆగిన రోజు

నిన్న మధ్యాహ్నం కామారెడ్డి నుంచి ఒక కాలేజీ అమ్మాయి నా ఫోనుకు తన కథ పంపింది. నేను రచయిత్రినని ఎవరో చెప్పారట. చెప్పినవాళ్లు నా కథలు చదివి ఉండరు. కథ కింద ఒకటే మాట: "ఎట్లుంది మేడమ్?" కాసేపటికి, "చదివిండ్రా మేడమ్?" సాయంత్రం ఇంకోసారి. ఆ తొందర చూసి నవ్వొచ్చింది. నేనూ కొన్నేళ్లు అదే ప్రశ్న మోసుకుని తిరిగాను. కాకపోతే నోరు తెరిచి అడిగేదాన్ని కాదు, చేతుల వంక చూసేదాన్ని.

చేతులంటే బీడీలు చుట్టే చేతులు. 2009లో డిగ్రీ ముగించి, ఎల్లారెడ్డిలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతూ పెద్దమ్మ ఇంట్లో ఉండేదాన్ని. పెద్దమ్మంటే మా అమ్మకు అక్క. ఆమె కొడుకు దుబాయిలో పనికి పోయాడు. ఇంట్లో ఆమె, కోడలు. ఆ కోడలే మా వదిన. నేను బడి నుంచి వచ్చేసరికి వాళ్లిద్దరూ, పక్కిళ్ల ఆడవాళ్లూ ఒళ్లో చాటలు పెట్టుకుని వాకిట్లో కూర్చుని ఉండేవాళ్లు. తడిబట్టలో చుట్టిన తునికాకు పచ్చివాసన, తంబాకు ఘాటు. కొత్తవాళ్లయితే తుమ్మి తుమ్మి చచ్చేవాళ్లు. వేళ్లు ఆకు కత్తిరిస్తాయి, తంబాకు పోస్తాయి, చుడతాయి, దారం కడతాయి. చెవులు మాత్రం ఖాళీ. కరెంటుంటే వాటికి టీవీ, కరెంటు పోతే నేను. మా ఎల్లారెడ్డి కరెంటు కోతలు నా సాహిత్యానికి చేసిన మేలు ఏ సాహిత్య సంఘమూ చేయలేదు.

కథ చదివి వినిపిస్తే బాగుందని గానీ బాగాలేదని గానీ అనడం వాళ్లకు అలవాటు లేదు. కాబట్టి నేనే ఒక కొలత పెట్టుకున్నాను: చేతులు నెమ్మదిస్తే కథ మంచిది, ఆగితే గొప్పది. వదిన చేతులు ఊరికే ఆగేవి. కథలో ఏ కోడలు కంటతడి పెట్టినా చాలు, కత్తెర కింద పెట్టేసి, "నీ కథలతోని నా బీడీ కట్టలన్నీ తక్కువైతున్నయ్ పిల్లా" అని నన్నే తిట్టేది. పెద్దమ్మ చేతులు మాత్రం ఆగేవి కావు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా, నాకు ఇల్లంటే ఆ రెండు చేతులే. వాటిని ఆపడానికి నా కథల్లో ఎంతమందిని చంపానో! బావిలో తోశాను, పాముతో కరిపించాను, చివరికి ఒక బర్రెను కూడా వదల్లేదు. బర్రె చచ్చినప్పుడు మాత్రం, "అయ్యో, పాలిచ్చేదేనా?" అంది. చేతులు ఆగలేదు.

ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. బస్సు ఎప్పుడు నడుస్తుందో, ఎప్పుడు బందవుతుందో తెలియదు. లింగంపేట దగ్గర రాని బస్సు కోసం ఎదురుచూసే ఒక ఆడమనిషి గురించి కథ రాశాను. అందులో ఎవరూ చావరు. సగం చదివి అలవాటుగా తలెత్తాను. పెద్దమ్మ చేతులు ఆగి ఉన్నాయి. సగం చుట్టిన బీడీ వేళ్ల మధ్య అలాగే ఉంది, ఆమె దాని వంకే చూస్తోంది. ఆ సంతోషం మళ్లీ జన్మలో ఎరగను. మర్నాడే కామారెడ్డి పోయి కథ టైపు చేయించి, హైదరాబాదులో ఒక వారపత్రికకు పంపాను. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, నేను రచయిత్రిని అని మొదటిసారి అనుకున్నాను.

వారం తిరక్కముందే పెద్దమ్మ చేతిలోంచి కత్తెర జారిపోయింది. చెయ్యి ఎత్తలేకపోయింది, మాట ముద్దగా వచ్చింది. అదే దారిన, అలాంటి బస్సులోనే కామారెడ్డి దవాఖానకు తీసుకుపోయాం. పక్షవాతం అన్నాడు డాక్టరు. ఎప్పటి నుంచి ఇలా ఉందని అడిగితే వదిన, "నిన్నటి సంది సార్" అంది. పెద్దమ్మ తల అడ్డంగా ఊపి, నా వైపు చూపించి, ముద్దమాటతోనే చెప్పింది.

"గీమె బస్సు కథ సదివిన నాటి సంది. వేళ్లు తిమ్మిరెక్కి కదలలే. గంతల్నే సర్దుకున్నయ్, ఎవ్వలికి చెప్పలే."

బయట బల్ల మీద కూర్చున్నాక సిగ్గు విడిచి అడిగాను. "మరి కథ, పెద్దమ్మా?"

"కథ యాదికి లేదు బిడ్డా. చెయ్యి ఎందుకు రాలేదో సూస్కుంట కూసున్న."

పత్రిక నుంచి అవుననీ కాదనీ జవాబే రాలేదు. ఆ తర్వాత చాలాకాలం కలం పట్టలేదు. నాకు దొరికిన ఒకే ఒక్క మెప్పు ఒక రోగం.

వాకిట్లో చాటలు పక్కిళ్లకు తరలిపోయాయి. పెద్దమ్మ మంచం మీద, చేతులు దుప్పటి మీద. ఆమెకు పొద్దుపోక, "ఏదన్న సదువే" అని సతాయించేది. పాతవి అయిపోయాక మళ్లీ రాయక తప్పలేదు. చదువుతూ అలవాటుగా ఆ చేతుల వంక చూసేదాన్ని. అవి ఎప్పుడూ ఆగే ఉన్నాయి. మంచి కథకూ అంతే, చెత్త కథకూ అంతే. ఒకరోజు చదువుతూ చదువుతూ ఆపేశాను.

"ఏందే, ఆపినవ్?"

"ఇది బాగాలేదు పెద్దమ్మా."

"ఎవలన్నరు?"

"నేనే అన్న."

"అయితే ఇంకోటి సదువు" అని కళ్లు మూసుకుంది.

ఇంకోటి చదివాను. అది బాగుంది. బాగుందని నాకు తెలిసింది, ఎవరి వంకా చూడకుండానే. కాకిపిల్ల కాకికి ముద్దు అనుకున్నా సరే. ఆ సంగతి చెబుదామని చూస్తే ఆమె నిద్రపోయి ఉంది. 2014లో, రాష్ట్రం వచ్చిన ఏడాదే, వానలు మొదలవకముందే పోయింది. ఆ కథను ఏ పత్రికా వేసుకోలేదు, ఇప్పుడు వేసుకుంటుందన్న ఆశా లేదు. అయినా అది మంచి కథే.

ఆ అమ్మాయికి ఇంకా జవాబివ్వలేదు. "నీకెట్లుంది?" అని టైపు చేసి, చెరిపేశాను. ఆ మాట నన్ను నేను అడుక్కోవడానికి నాకు అన్నేళ్లు పట్టింది. జవాబు దొరికేనాటికి, వినడానికి ఆ వాకిట్లో ఎవరూ మిగల్లేదు.