షిఫ్ట్ నొక్కిన మణికట్టు

మొన్న మా అమ్మాయి ల్యాప్‌టాప్‌లో ఓ అర్జీ టైపు చేస్తూ, ఏదో ఆలోచనలో పడి షిఫ్ట్ కీ మీద వేలితో తాళం వేస్తూ కూర్చున్నాను. ఠంగుమని మోగి, స్టిక్కీ కీస్ కావాలా అని అడుగుతూ తెరమీద చిన్న డబ్బా లేచింది. "తీసెయ్ నాన్నా" అంది అమ్మాయి. నాకు చెయ్యాడలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో అనకాపల్లిలో ఓ కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేవాణ్ణి. మేడమీద గది, ఆరు కంప్యూటర్లు, కిటికీలోంచి బెల్లం వాసన, ఆ వాసన వెంటే వచ్చి కీబోర్డుల మీద వాలే ఈగలు. నాకు తెలిసింది పాఠం పుస్తకంలో ఉన్నంతే. అయినా అందరూ సారూ అంటూంటే అన్నీ తెలుసనే అనుకునేవాణ్ణి. పిల్లలు షిఫ్ట్‌ని ఐదుసార్లు నొక్కి ఆ డబ్బాని లేపి నవ్వుకుంటూంటే విసుగొచ్చి, ఓ ఆదివారం ఆరు కంప్యూటర్లలోనూ అది ఇంక రాకుండా చేసేసేను. ఎవరికోసం పెట్టారో చదవనైనా లేదు.

ఆ ఏడే మా మావయ్య కొడుకు, నాకు బావ, క్రషర్లో చెరుకు పెడుతూ ఎడమచెయ్యి మణికట్టుదాకా పోగొట్టుకున్నాడు. అచ్యుతాపురంలో ఓ కంపెనీ ఆఫీసు పనికి టైపు పరీక్ష పెడుతుందని విని నా దగ్గరికి వచ్చేడు. ఒంటిచేత్తో అక్షరాలు చకచకా పడేవి. పెద్దక్షరాలకి క్యాప్స్ లాక్ ఉండేది గానీ, బ్రాకెట్లు, ప్రశ్నగుర్తులు వస్తే మాత్రం ఆ మొండి మణికట్టుతో షిఫ్ట్‌ని అదిమిపట్టేవాడు. పక్క కీ కూడా నొక్కుకుపోయేది. చెరిపి మళ్ళీ కొట్టేవాడు. కుట్లు మానినచోట చర్మం చిట్లితే గుడ్డ కట్టుకుని వచ్చేవాడు.

"ఒంటిసేత్తో కొట్టడానికి దీంట్లో ఏదైనా ఉపాయం ఉందేటి బావా?" అని ఓసారి అడిగేడు.

"ఏటీ లేదు. ప్రాక్టీసే" అన్నాను, సారు గొంతుతో.

పరీక్షలో టైము చాల్లేదు. జాలిపడి అదే కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్ పని ఇచ్చారు.

రెండేళ్ళు పోయేక ఓ పాత కంప్యూటర్ పత్రికలో చదివేను. స్టిక్కీ కీస్ పెట్టుకుంటే షిఫ్ట్‌ని అదిమిపట్టక్కర్లేదు, ఒకసారి నొక్కి వదిలేస్తే చాలు. చేతులు సరిగా లేనివాళ్ళకోసమే పెట్టారట. ఆ మధ్యాహ్నమే బస్సెక్కి వెళ్ళి, గేటు దగ్గర నిలబడి బావకి అంతా చెప్పేసేను.

"నువ్వే ఆపేసేవా?"

"తెలీక."

కంపెనీ బస్సు వస్తే ఒంటిచేత్తో గేటు తోసి, అది లోపలికెళ్ళేదాకా ఆగి అన్నాడు. "నా సెయ్యే సేతకానిదనుకుని ఊరుకున్నాను. ఇప్పుడెందుకు సెప్పేవు బావా?"

మళ్ళీ నేర్పుతాను రమ్మన్నాను. రాలేదు. పెళ్ళిళ్ళలో కలిస్తే నవ్వుతూనే మాట్లాడతాడు, ఆ ఊసు మాత్రం ఎత్తడు. ఇప్పటికీ ఆ గేటు దగ్గరే ఉన్నాడు. తప్పు తెలుసుకోవడానికి నాకు పట్టింది రెండేళ్ళే, దానికి బావ చెల్లించుకుంటున్న ఏళ్ళు మాత్రం ఇంకా నడుస్తూనే ఉన్నాయి.