ఉపేందర్ మెయిల్‌లో మిగిలిన పాట

సారవ్వ తన చేతులతోనే ఆ ఫోన్‌ను కొడుకు అంగీ జేబులో పెట్టింది. పోయినవాళ్ల వెంట వాళ్లకిష్టమైన వస్తువును పంపడం వాళ్లింటి ఆనవాయితీ. మామకు చుట్టల కట్ట పెట్టారు, అత్తకు వక్కల సంచి. జ్వరంతో పోయిన ఇరవై ఆరేళ్ల ఉపేందర్‌కు ఫోన్ కంటే ఇష్టమైనదేముంది? గోదావరి ఒడ్డున మట్టి కప్పుతున్నప్పుడు కూడా అది ఎవరికీ తప్పనిపించలేదు.

నెల మాసికం నాడు మొగిలి వచ్చాడు. గోదావరిఖని చౌరస్తాలో నెట్ సెంటర్ నడుపుతాడు, ఉపేందర్‌కు చిన్ననాటి దోస్తు.

"చిన్నమ్మా, వాడు నీ మీద పాట కట్టిండు. ఎరికేనా?"

ఎరికే. సకల జనుల సమ్మెప్పుడు గని ముందు టెంట్ల కింద పాడి పాడి, ఒకనాడు ఇంటికొచ్చి పల్లవి వినిపించాడు. సారవ్వ సిగ్గుపడి చీపురు విసిరింది. "మొత్తం అయినంక పాడుత తియ్" అని నవ్వుకుంటూ పోయాడు.

"మొత్తం అయింది. ఫోన్ల జాగ లేదని మెయిల్ల దాసిండు" అన్నాడు మొగిలి.

మరునాడు సారవ్వ, ఆమె పెనిమిటి ఎల్లేశం మొదటిసారి నెట్ సెంటర్ మెట్లెక్కారు. పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. మొగిలి ఏవేవో కొట్టి చూసి ఆగిపోయాడు.

"వాని నంబరుకు అంకెలొస్తయి కాకా. అవి కొడితెనే తెరుసుకుంటది. ఫోనేది?"

"వానితోనే మట్టిల పెట్టిన" అంది సారవ్వ.

"అదే నంబరు మళ్ల తీస్కుందాం" అన్నాడు ఎల్లేశం.

"ఆ సిమ్ము రోడ్డు మీద కొన్నడు. ఎవరి కాయిదాల మీద ఉన్నదో ఏమో. మనకియ్యరు కాకా."

తెల్లారి, రాత్రి షిఫ్టు దిగిన ఎల్లేశం స్నానమన్నా చేయకుండా పార భుజాన వేసుకుని ఒడ్డుకు నడిచాడు. సారవ్వ వెంటపడింది.

"ముప్పయ్యేండ్లు భూమిల బొగ్గు తవ్విన. నాలుగడుగులు నాకెంత?"

"తవ్వితే ఏం కనవడ్తదో నీకెరుక లేదా?"

ఒకప్పుడు గని పైకప్పు కూలినప్పుడు మూడు రోజులకు ఇద్దరు తోటివాళ్ల శవాలను బయటికి తీసింది ఎల్లేశమే. ఎత్తిన పార దించాడు. ఇద్దరూ ఎండెక్కేదాకా అక్కడే కూర్చున్నారు.

తిరిగొస్తూ సారవ్వ మొగిలి దగ్గర ఆగింది.

"ఆ పాటను ఎవరన్న తీసేస్తరా బిడ్డా?"

"ఇప్పుడైతే ఎవ్వరు ముట్టరు చిన్నమ్మా. అండ్లనే ఉంటది."

"వినేటోళ్లు లేకుంట ఎన్నాళ్లుంటది?"