కాలర్ పిన్ని కొట్టిన దెబ్బ

కాలర్ పిన్ని సూపర్‌వైజరు చెంప ఛెళ్ళుమనిపించిందట.

చొక్కాల ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన ఏ అమ్మాయికైనా, మిషను మీద చెయ్యి పడకముందే ఈ మాట చెవిన పడుతుంది. గేటు దగ్గర ఒకరు చెంపదెబ్బ అంటారు. బస్టాపుకి వచ్చేసరికి అది చెప్పుదెబ్బ అవుతుంది. బస్సు దిగేలోపు, ఆ దెబ్బకి సూపర్‌వైజరు పన్ను ఊడి కాలర్ల కట్టలో పడిందనీ, దాన్ని చూసుకోకుండా ఎవరో కుట్టేశారనీ, ఆ పన్ను ఇప్పుడు ఏ దేశంలో ఏ దొరగారి మెడకి గుచ్చుకుంటోందో అనీ నవ్వుకుంటారు. నిప్పు లేనిదే పొగ రాదు కదా అని చివర్లో ఎవరో ఒకరు అంటారు. దాంతో కథకి ముద్ర పడిపోతుంది.

ఒకరోజు పిన్ని మొగుడే ఆటో ఇంటి ముందు ఆపి లోపలికి వస్తూ అడిగాడు.

"ఏమే, నువ్వు మీ సూపర్‌వైజర్ని కొట్టావటగా? నా ఆటో ఎక్కిన ఆవిడ చెప్పింది."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? ఆ మనిషి నా పెళ్ళామేనని చెప్పలేదు. నోరు మూసుకుని జాగ్రత్తగా తోలాను."

"మంచి పని చేశావు. కాళ్ళు కడుక్కుని రా, అన్నం పెడతాను."

కాదని ఆమె మొగుడికి కూడా చెప్పలేదు. కాదని చెప్పాలంటే మొదటినుంచి చెప్పుకు రావాలి. పొద్దుటినుంచి ఫ్యాక్టరీలో చాకిరీ చేసి వచ్చిన మనిషికి అంత ఓపిక ఎక్కడిది?

మొదటినుంచి అంటే, ఆమె ఇంకా ఎవరికీ పిన్ని కాని రోజుల నుంచి. నాన్న మంచాన పడితే బడి మాన్పించి తీసుకొచ్చి ఈ ఫ్యాక్టరీలో పెట్టింది వాళ్ళమ్మ. "నాలుగు రోజులు చెయ్యి, నాన్న లేవగానే మళ్ళీ బడికి పోదువు" అంది. నాన్న లేవలేదు. ఆ నాలుగు రోజులూ అవలేదు. గుండీలు కుట్టింది, జేబులు కుట్టింది, చివరికి కాలర్ దగ్గర స్థిరపడింది. చొక్కా మొత్తంలో కష్టమైన పని కాలరే. రెండు మొనలూ కవల పిల్లల్లా ఉండాలి, ఒకటి పొడుగూ ఒకటి పొట్టీ అయితే చొక్కా మొత్తం మూతి వంకర పెట్టినట్టు కనబడుతుంది. మొన దగ్గరికి రాగానే సూది దింపి, గుడ్డని తిప్పి, మళ్ళీ తొక్కాలి. దింపడం, తిప్పడం, తొక్కడం. ఆమె చేతులకి అది ఎంత అలవాటైపోయిందంటే, ఇంట్లో దుప్పటి మడత పెట్టినా మూలల దగ్గర వేలు నొక్కి తిప్పేది.

ఆ హాలులో మిషన్లు రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ఒకామె కుట్టింది పక్కామెకి, ఆమె కుట్టింది ఆ పక్కామెకి. ఎవరైనా ఒక్కరు లేచారంటే చాలు, వాళ్ళ మిషను ముందు ముక్కలు గుట్ట పడతాయి. ఆ గుట్ట హాలు అవతలి కొసకీ కనబడుతుంది. దాన్ని చూడటానికే సూపర్‌వైజరు ఉన్నాడు. నిమిషానికోసారి మణికట్టు తిప్పి చూసుకుంటాడు కాబట్టి ఆడవాళ్ళు అతనికి గడియారం అని పేరు పెట్టారు.

బాత్రూంకి తాళం. ఆ తాళంచెవి ఒక చెక్క బిళ్ళకి కట్టి గడియారం బల్ల మీద ఉంటుంది. వెళ్ళాలనుకున్న మనిషి అంతమంది ముందు నుంచీ నడిచి వెళ్ళి, ఆ బిళ్ళ తీసుకుని, అతను టైము చూసుకునేదాకా నిలబడి, అప్పుడు వెళ్ళాలి. బిళ్ళ పట్టుకున్న వాళ్ళని చూసి, "అదిగో బిళ్ళబంట్రోతు బయల్దేరింది" అని పక్కవరస వాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్విన వాళ్ళకీ తర్వాత అదే నడక తప్పదు. అందుకని చాలామంది పొద్దున గ్లాసుడు నీళ్ళు కూడా తాగకుండా వచ్చేవాళ్ళు. పిన్నికి నడుములో పోటు వస్తే ఆసుపత్రిలో డాక్టరమ్మ మందులిచ్చి, "నీళ్ళు బాగా తాగాలమ్మా" అంది.

"తాగితే వెళ్ళాలి కదండీ" అంది పిన్ని.

డాక్టరమ్మకి అర్థం కాలేదు. పిన్ని విడమరిచి చెప్పలేదు. చీటీ మడిచి జాకెట్లో పెట్టుకుని వచ్చేసింది.

ఇలా ఉండగా పిన్ని పక్క మిషను మీదకి ఒక సన్నపాటి అమ్మాయి వచ్చింది. చేతుల చివర పట్టీలు, అంటే కఫ్‌లు, కుట్టడం ఆమె పని. అందరూ కఫ్ పిల్ల అన్నారు. మాట తక్కువ. కొన్నాళ్ళకి ఆ పిల్ల మధ్యాహ్నం డబ్బా మూత తీయగానే మొహం తిప్పుకోవడం పిన్ని చూసింది. మాటిమాటికీ బిళ్ళ వైపు చూడటం చూసింది.

"ఎన్నో నెలే?" అంది, దారం నోట్లో తడుపుకుంటూ, తల ఎత్తకుండా.

కఫ్ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పిన్నీ, ఎవరికీ చెప్పకు. తెలిస్తే తీసేస్తారు. మా ఆయనకి పని లేదు. మా అత్త అయితే, 'ఉద్యోగం పోతే మీ అమ్మ దగ్గరే కను' అంటోంది."

"సరే, ఏడవకు. కన్నీళ్ళు పడితే గుడ్డ మీద మరక."

కడుపుతో ఉన్నవాళ్ళని అక్కడ తీసేశామని చెప్పరు. "ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకో తల్లీ" అంటారు. తిరిగి వచ్చేసరికి ఆ మిషను ముందు వేరే తల్లి ఉంటుంది.

ఆ రోజునుంచి ఇద్దరి మధ్యా ఒక ఏర్పాటు నడిచింది. కఫ్ పిల్ల బిళ్ళ తీసుకుని వెళ్ళగానే, పిన్ని తన కాలర్లు పక్కకి నెట్టి, ఆ పిల్ల ముందున్న ముక్కలు కొన్ని లాక్కుని కుట్టేసేది. గుట్ట పెరిగేది కాదు. గుట్ట లేకపోతే గడియారానికి పని లేదు, ఎవరు ఎన్నిసార్లు లేచారో అతనికి గుర్తుండదు. ఆ పిల్ల తిరిగొచ్చాక పిన్ని కాలర్లలో సులువైన భాగం అందుకునేది. "చేబదులు" అని నవ్వేది పిన్ని. వెనక మిషను మీద చొక్కా చేతులు అతికే చేతుల వదిన ఇది కనిపెట్టింది. చెవులు కొరకలేదు. తనూ తన పక్కామెతో అలాగే చేబదులు మొదలెట్టింది.

తప్పు జరిగింది కూడా చేబదుల్లోనే. ఆ వారం పెద్ద ఆర్డరు, లారీ గేటు దగ్గర నిలబడి ఉంది. పిన్నికి కళ్ళు మండుతున్నాయి, మోకాలు మొరాయిస్తోంది. కఫ్ పిల్ల లేచింది. పిన్ని ముక్కలు లాక్కుంది. ఆ ఆర్డరులో కఫ్‌ల మూలలు గుండ్రంగా రావాలి, గుడ్డ మీద సుద్దగీత కూడా ఉంది. కానీ మూల దగ్గరికి రాగానే ఆమె చేతులు తమకి తెలిసిన పని చేసేశాయి. దింపడం, తిప్పడం, తొక్కడం. కట్టలో ఆమె కుట్టిన కఫ్‌లన్నీ కాలర్‌లా మొనదేలి కూర్చున్నాయి. అలా కుట్టగలిగిన చెయ్యి ఆ హాలులో ఒక్కటే. అయినా తను అలా కుట్టేసిన సంగతి ఆమెకే తెలియలేదు.

చెకింగ్ బల్ల దగ్గర బయటపడింది. గడియారం ఒక కఫ్‌ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని వచ్చాడు.

"ఏంటిది? చేతులకి కొమ్ములు మొలిచాయా?"

వరసంతా కిసుక్కుమంది. పిన్ని కూడా నవ్వబోయి, ఆ మొన చూసి ఆగిపోయింది. తన మొనే.

గడియారం కఫ్ పిల్ల ముందు ఆగాడు. "నీ మిషను మీదిదే కదా? గీత గీసిచ్చినా కనబడలేదా? చెప్పు."

కఫ్ పిల్ల ఏమని చెబుతుంది? నేను కుట్టలేదంటే, మరి నువ్వెక్కడున్నావంటారు. బాత్రూంలో అంటే, అన్నిసార్లు ఎందుకంటారు. ఆ పైన దాచడానికి ఏమీ మిగలదు. మింగలేక కక్కలేక గుడ్డ అంచు నలుపుతూ కూర్చుంది.

"సాయంత్రం లెక్క చూసుకుని ఇంటికి పో. రేపటినుంచి రానక్కర్లేదు" అన్నాడు గడియారం.

పిన్ని తల వంచుకునే ఉంది. ఊరుకుంటే గండం గడిచిపోతుంది. మోకాలు, అద్దె, మొగుడి ఆటోకి మార్చాల్సిన ఇంజను, అన్నీ ఊరుకోమనే చెప్పాయి. కానీ రేపు ఆ మిషను మీదకి ఇంకో పిల్ల వస్తుంది. ఆ పిల్లకీ పొద్దున నీళ్ళు తాగొద్దని చెప్పాలి. ఆమె కళ్ళనీళ్ళు కూడా చూడాలి. ఆ తర్వాత ఇంకొకతె. అది తలుచుకుంటేనే ఒంట్లో ఉన్న కాస్త సత్తువా జారిపోయినట్టయింది.

"అవి నేను కుట్టినవి సార్" అంది.

"నువ్వెందుకు కుట్టావు?"

"అమ్మాయి బాత్రూంకి వెళ్ళింది. గుట్ట పడకుండా నేను కుట్టాను. చెయ్యి అలవాటున తిరిగిపోయింది."

బాత్రూం అన్న మాట ఆ హాలులో అంత గట్టిగా ఎప్పుడూ ఎవరూ అనలేదు. చేతుల వదిన పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఓహో, ఇక్కడ నాకు తెలియని రాజ్యం ఒకటి నడుస్తోందన్నమాట! ఇద్దరూ పైకి నడవండి, మేనేజరు దగ్గరికి."

"వస్తాను సార్. ముందు బాత్రూంకి వెళ్ళొస్తాను."

అతని బల్ల దగ్గరికి వెళ్ళి బిళ్ళ కోసం ఆమె చెయ్యి చాపింది. వెనకే వచ్చిన గడియారం దాన్ని అరచేత్తో కప్పేశాడు. "ముందు పైకి."

అప్పుడు అరవచ్చు, ఏడవచ్చు, కథలో చెప్పినట్టు కొట్టనూ వచ్చు. పిన్ని ఏమీ చేయలేదు. కాళ్ళీడ్చుకుంటూ హాలు చివరికి వెళ్ళి, తాళం వేసిన ఆ రేకు తలుపు ముందు నిలబడింది. అంతే.

"ఏయ్, పైకి నడవమన్నానా!"

"తలుపు తీశాక వస్తానండీ."

కాలర్ మిషను ఆగింది. కాలర్లు రాకపోయేసరికి వాటిని మెడకి అతికే ఆమె చేతులు ఖాళీ అయ్యాయి. ఖాళీగా కూర్చుని ఏం చేస్తుంది? లేచి వచ్చి పిన్ని వెనక నిలబడింది. "నాకూ పొద్దుటినుంచి వెళ్ళాలనే ఉంది" అంది గొణుగుతూ. మెడలు ఆగితే గుండీలు ఆగాయి. గుండీల ఆమె వచ్చింది. "రోట్లో తలపెట్టాక రోకటిపోటుకి వెరుస్తామా" అంటూ చేతుల వదిన వచ్చింది. కఫ్ పిల్ల అందరికన్నా ఆఖరున, గోడ పట్టుకుని వచ్చింది. ఎవరూ నినాదం ఇవ్వలేదు. రేషను షాపు ముందు నిలబడ్డట్టు, ఒక కాలి మీద బరువు ఇంకో కాలికి మార్చుకుంటూ నిలబడ్డారు.

గడియారం అరిచాడు. పేరుపేరునా బెదిరించాడు. మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోతుంటే హాలులో అతని గొంతు ఒక్కటే మిగిలింది. ఆ నిశ్శబ్దానికే పైగదిలోంచి మేనేజరు దిగి వచ్చాడు.

"ఏంటి గొడవ? లారీ వాడు హారన్ కొడుతున్నాడు."

"వీళ్ళు..." గడియారం తడబడ్డాడు. "బాత్రూం అంటున్నారు సార్."

"బాత్రూం అయితే?"

"అందరూ ఒకేసారి..."

"తలుపు తాళం వేసి ఉంటే అందరూ ఒకేసారే నిలబడతారు కదయ్యా! తియ్యి. లారీ పోయాక మాట్లాడదాం."

జాలి పడి అన్న మాట కాదది. లారీ కోసం అన్న మాట. గడియారం విసురుగా తాళం తీసి తలుపు తోశాడు. రేకు తలుపు వెళ్ళి గోడకి ఛెళ్ళున కొట్టుకుంది. అతనికి పంటినొప్పి, కోపం వస్తే చెంప పట్టుకుంటాడు. అవతలి కొసన ఇస్త్రీ చేసేవాళ్ళకి ఆ చప్పుడు వినబడింది, చెంప మీద చెయ్యి కనబడింది. మిగిలింది వాళ్ళే కుట్టుకున్నారు.

లారీ పోయింది. మాట్లాడదామన్న మేనేజరు మాట్లాడలేదు. కఫ్ పిల్లని రావద్దన్న మాట కూడా ఎవరూ మళ్ళీ ఎత్తలేదు. మర్నాడు గడియారం మళ్ళీ తాళం వేశాడు. మళ్ళీ ఇద్దరు ముగ్గురు వెళ్ళి తలుపు ముందు నిలబడ్డారు. ఆ మర్నాడూ అంతే. అతనికీ విసుగొచ్చింది. చివరికి తాళం వేయడం మానేశాడు. తాళం లేని తలుపు దగ్గరికి బిళ్ళ పట్టుకుని వెళ్ళేవాళ్ళెవరు?

కఫ్ పిల్ల కడుపు సంగతి అందరికీ తెలిసింది. విశ్రాంతి తీసుకో తల్లీ అన్నారు పైన. ఆమె మాత్రం "కాన్పయ్యాక వస్తాను సార్, నా మిషను నాకుంచండి" అంది. మేనేజరు కిటికీలోంచి కిందకి చూశాడు. చేతుల వదిన మిషను ఆపి పైకే చూస్తోంది, ఆమె పక్కామె కూడా. "సరే, వెళ్ళు, చూద్దాం" అన్నాడు. కాన్పయ్యాక ఆమె వచ్చింది. పిల్లని తల్లి దగ్గర వదిలి, పాలతో తడిసిన జాకెట్ మీద పమిట కప్పుకుని, వచ్చింది.

బస్టాపులో కథ చెప్పేవాళ్ళకి ఇందులో సగం తెలియదు. తెలిసినా చెప్పరు, చెంపదెబ్బ చెప్పినంత బాగా ఉండదు. ఒకరోజు కొత్తమ్మాయి ఒకతె ధైర్యం చేసి పిన్నినే అడిగింది.

"నిజంగా కొట్టావా పిన్నీ?"

"కొట్టడానికి చెయ్యి లేవాలి కదే" అంది పిన్ని, మోకాలు రుద్దుకుంటూ.

ఆ పిల్లకి అది వేళాకోళంలా వినబడి నవ్వింది. పిన్ని మాత్రం ఉన్నమాటే చెప్పింది.

కొమ్ములు మొలిచిన ఆ కఫ్‌లకి ఎవరో ఒకరిని బాధ్యులుగా పైవాళ్ళకి చూపించాలి. ఆ గొడవ జరిగిన నెల తిరక్కుండానే పిన్నిని కాలర్ మిషను మీంచి తీసేసి, దారాలు కత్తిరించే బల్ల దగ్గరికి మార్చారు. కొత్తగా చేరిన పిల్లలకి ఇచ్చే పని అది. ఆ బల్ల దగ్గర కుర్చీలు ఉండవు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఆమె నిలబడే కత్తిరిస్తుంది.