మడి కట్టుకున్న మిషన్

"దాన్ని ముట్టాకు మ్యా! అది మడిలో ఉంది."

మా అత్త ఈ మాట అన్నది మనిషి గురించి కాదు, చీర గురించి కూడా కాదు. వంటింటి వెనక గదిలో గోడవారగా పెట్టిన బట్టలు ఆరబెట్టే మిషన్ గురించి. నేను పట్టుబట్టి, అలిగి, రెండు రోజులు అన్నం మానేసి కొనిపించుకున్న డ్రైయర్ గురించి. తడి టవళ్ల బకెట్ ఎడమ చేత్తో పట్టుకుని దాని ముందు నిలబడిపోయాను. దాని తలుపుకు పసుపు, కుంకుమ. తిప్పే మీట మీద ఇంకో బొట్టు. మిషన్‌కు మడేమిటి, నా ఖర్మ కాకపోతే!

మా ఇల్లు ఆళ్లగడ్డలో. ఇంటి వెనక సందంతా విగ్రహాలు చెక్కే షెడ్లే. పొద్దున తొమ్మిదికి రాయి కోసే మిషన్లు మొదలైతే సాయంత్రం దాకా ఆగవు. దేవుళ్లు లారీలెక్కి ఊళ్లకు పోతారు, దుమ్ము మాత్రం మాకు మిగులుతుంది. మిద్దె మీద తడిబట్ట వేస్తే చాలు, గంటలో సన్నటి బూడిదరంగు పొడి దాన్ని పట్టుకుంటుంది. దులిపితే పోతుందంటారు. పోదు. మెడ దగ్గర, చంకల్లో గరగరలాడుతుంది. ఈ ఇంటికి వచ్చిన ఇరవై రెండేళ్లలో తెల్లచొక్కా తెల్లగా ఆరడం నేను చూడలేదు.

మా అత్త చీరలకు మిద్దె పనికిరాదు. అవి మడిచీరలు. ఆమె పూజకు, వంటకు కట్టుకునే చీరను ఎవరూ తాకకూడదు, కాకి వాలకూడదు. అందుకని నడింట్లో పైకప్పుకు తాళ్లు కట్టి ఒక దండెం వేలాడదీశారు. నేను స్నానం చేసి, ఎవరికీ తగలకుండా వచ్చి, తడిచీరను పొడుగాటి కర్ర కొనకు తగిలించి, చేతులు రెండూ తల పైకెత్తి ఆ దండెం మీద పరచాలి. మర్నాడు అదే కర్రతో కిందికి దించాలి. రోజూ. పండగైనా, జ్వరమైనా. తడిసిన తొమ్మిది గజాల నూలుచీర ఎంత బరువుంటుందో ఎత్తినవాళ్లకే తెలుస్తుంది.

పోయిన వానాకాలం నా కుడి భుజం పట్టేసింది. మొదట నొప్పి అనుకున్నాను, తైలం రాశాను. తర్వాత చెయ్యి ఛాతీ దాటి లేవడం మానేసింది. జడ వేసుకోలేను. చెయ్యి వెనక్కి పెట్టి జాకెట్టు తొడుక్కోలేను. నంద్యాలలో ఎముకల డాక్టరు చూసి, భుజం బిగుసుకుపోయిందమ్మా, సరికావడానికి ఏడాది పట్టొచ్చు, బరువు పట్టుకుని చెయ్యి పైకెత్తావంటే మాత్రం ఇలాగే ఉండిపోతుంది అన్నాడు. పక్కగదిలో వ్యాయామం నేర్పే అమ్మాయి నన్ను గోడకు ఎదురుగా నిలబెట్టి, వేళ్లతో పైకి పాకించింది. ఎక్కడిదాకా అందితే అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకో, వారానికొకసారి చూసుకో అని చెప్పింది. వంటింటి గోడ మీద నా మొదటి గీత గడ్డం ఎత్తులో పడింది. ఆ గీత పైకి పోవాలి. నాకు కావాల్సింది అంతే.

డ్రైయర్ కొందామంటే మా ఆయన విచిత్రంగా చూశాడు.

"మన మిషన్లో డ్రైయరుంది గదా! మళ్లా ఇంకోటెందుకు?"

బట్టలుతికే మిషన్లో నీళ్లు పిండే డబ్బాను మా వైపు అందరూ డ్రైయర్ అనే అంటారు. అది పిండుతుంది, ఆరబెట్టదు, ఆరబెట్టేది వేరే ఉంటుంది అని చెప్పడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఎరువుల అంగట్లో ఏ మూటలో ఏముందో వాసనతో చెప్పే మనిషికి, ఇంట్లో బట్టలు ఎలా ఆరతాయో తెలియదు. మా ఆయన దృష్టిలో బట్టలు ఉతికితే అవే ఆరి, అవే మడత పడి, అవే బీరువాలో కూర్చుంటాయి.

చివరికి నంద్యాలలో షోరూముకు పోయాం. అక్కడి మనిషి రెండు రకాలు చూపించాడు. ఒకటి కాయిల్‌తో గాలిని కాల్చి, తేమ పట్టిన ఆ గాలిని బయటికి వదిలేసేది. తొందరగా ఆరుతాయి కానీ కరెంటు గటగటా తాగుతుంది. రెండోది ఖరీదెక్కువ. ఫ్రిజ్‌లో ఉన్నట్టు కంప్రెసర్ ఉంటుందట, వేడిని వదిలేయకుండా మళ్లీ మళ్లీ వాడుకుంటుందట, బట్టల్లోని తడి నీళ్లయి డబ్బాలో పడుతుందట.

"కరెంటు సగం గూడా తాగదన్నా, బట్ట గూడా కాలదు. కాకపోతే నిదానంగా ఆరతాయి" అన్నాడు.

ఆ "కాకపోతే" నా చెవిన పడింది కానీ మా ఆయన చెవిన పడలేదు. ఆయన దాని మీద అంటించిన కరెంటు ఆదా నక్షత్రాలు లెక్కపెడుతున్నాడు.

మొదటి నెల నేను సుఖపడ్డాను, అబద్ధమెందుకు? టవల్ తీసి మొహానికి పెట్టుకుంటే మెత్తగా, గోరువెచ్చగా ఉంది. రాతిపొడి లేదు. బట్టలు నడుం ఎత్తులో వేసి, నడుం ఎత్తులో తీసుకోవడమే. ఆ నెలలో గోడ మీద గీత నాలుగు వేళ్లు పైకి జరిగింది. నేను వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి ఆ గీతను చూసి నవ్వుకున్నాను.

దాంతో విసుగు లేదని కాదు. ఒక్క వాయికి మూడు గంటలు. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికి. జల్లెడలో పేరుకున్న నూగు ప్రతిసారీ తీయాలి, మరిచిపోతే నాలుగు గంటలైనా తడి తడిగానే ఉంటాయి. చిన్న గదిలో పెట్టామేమో, అది తిరుగుతుంటే లోపల అడుగు పెడితే ఆవిరి కొడుతుంది. జరీ చీర వేయకూడదు, పట్టు వేయకూడదు. ఆగిన వెంటనే తీయకపోతే చొక్కాలు నలిగి పోగవుతాయి. డబ్బాలో పడిన నీళ్లు శుద్ధమైనవే గదా అని మా ఆయన ఇన్వర్టర్ బ్యాటరీలో పోయబోతే పరుగున పోయి ఆపాను. ఆ నీళ్ల మీద నూగు తేలుతోంది! అయినా ఇవన్నీ భరించాను. నా చెయ్యి కోసం భరించాను.

ఆ నెలంతా మా అత్త దాని వైపు చూడలేదు. "అందరి బట్టలూ పడిన దాంట్లో నా మడిచీర ఏస్తావా?" అని ముక్కు మీద వేలేసుకుంది. కాబట్టి ఆమె చీర మాత్రం దండేనికే. కర్రను ఎడమ చేత్తో పట్టుకుని, పళ్లు బిగబట్టి ఎలాగో వేసేదాన్ని. ఆ ఒక్కదానికి ఓర్చుకుంటే మిగతావన్నీ మిషన్ చూసుకుంటోంది గదా అనుకున్నాను.

ఆ తర్వాత నాలుగు రోజులు ముసురు పట్టింది. దండెం మీది చీర ఆరలేదు, ముక్కిన వాసన వచ్చింది. ఐదో రోజు పొద్దున నేను లేచేసరికి వెనకగదిలో మిషన్ గుర్రుమంటోంది. మా అత్త దాని ముందు పీట వేసుకుని కూర్చుంది. లోపల ఆమె చీర ఒక్కటే, గిరగిరా తిరుగుతోంది.

"పసుపునీళ్లతో కడిగినా. ఇంగ మైల ల్యాదు. కాకి వాలదు, బల్లి పడదు, మనిషి తగలడు. ఇంతకంటే మడి యాడుంటాది మ్యా?"

పసుపునీళ్లు! కరెంటు మిషన్ మీద! షాకు కొట్టనందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను. పోనీలే, దండెం పని తప్పింది అని లోపల సంతోషించాను కూడా. ఎంత పిచ్చిదాన్ని!

మధ్యాహ్నం టవళ్లు వేయబోతే వచ్చింది ఆ మాట: ముట్టాకు, మడిలో ఉంది. మా బట్టలు పడితే అది మైలపడుతుందట. మైలపడితే రేపు ఆమె చీర అందులో పనికిరాదట. కాబట్టి ఇక నుంచి అందులో ఆమె చీర, ఆమె జాకెట్టు తప్ప ఇంకేమీ పడకూడదు. ఉతికే మిషన్ ఎటూ మైల కాబట్టి చీరను చేత్తో ఉతికి, చేత్తోనే పిండి, నీళ్లు కారుతుండగా వేస్తుంది. అది ఆరేసరికి పొద్దంతా పోతుంది. కరెంటు ఆదా చేసే మిషన్, ఒక్క చీర కోసం పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా తిరుగుతోంది. ఇల్లంతటి బట్టలు మాత్రం మళ్లీ మిద్దెక్కాయి. వాటితో పాటు నేనూ, నా చెయ్యీ.

మా ఆయనకు చెప్పాను. "అమ్మ పెద్దదైపోయింది, సర్దుకోమ్మే. నీ కోసరమే గదా తెచ్చినా" అన్నాడు. నా కోసం తెచ్చినదాన్ని నేను ముట్టుకోకూడదన్న మాట ఆయన నోట్లో ఎలా ఇమిడిందో నాకర్థం కాలేదు. ఒళ్లు మండిపోయింది.

మూడు వారాలు గడిచాయి. నంద్యాలకు పోతే, వ్యాయామం నేర్పే అమ్మాయి నా చెయ్యెత్తించి చూసి మొహం ముడిచింది. "ఏమక్కా, బరువులు మోస్తాండావా?" అంది. ఇంటికి వచ్చి గోడ దగ్గర నిలబడ్డాను. వేళ్లు పాకి పాకి, మొదటి గీత దగ్గరే ఆగిపోయాయి. ఎక్కిన నాలుగు వేళ్ల ఎత్తూ పోయింది.

మా అత్తను రెక్క పట్టుకుని ఆ గోడ దగ్గరికి తీసుకుపోయాను. మడిలో ఉందో లేదో కూడా చూడలేదు.

"చూడత్తా. ఈడిదాకా వచ్చినాది. మళ్లా ఈడికి దిగినాది. ఇంగ నా చెయ్యి ఇంతేనంట. నీ మడికి నా చెయ్యి కావాల్నా?" గొంతు పగిలేలా అరిచాను.

ఆమె తిరిగి అరుస్తుందనుకున్నాను. గీతలను చూసింది. తన కుడిచెయ్యి ఎత్తి గోడకు ఆనించింది. అది నా మొదటి గీతకు ఇంకా కింద, భుజం దగ్గరే ఆగిపోయింది.

"నాదీ లేయదు మ్యా. నువ్వు కోడలిగా వచ్చిన ఏడే పట్టుకునింది. అప్పుట్నుంచి ఇంతే."

"మరి చెప్పొచ్చు గదా!"

"చెప్తే ఏం? నువ్వు ఏస్తాంటివి గదా."

ఇరవై రెండేళ్లు. మడి, ఆచారం, కోడలి పని అని నేను అనుకున్నదంతా ఒక పట్టేసిన భుజం! ఇన్నేళ్లకు తన చీర తాను ఎవరినీ అడగకుండా వేసుకుని, తాను తీసుకుంటోంది, అందుకే ఆ మిషన్‌ను అలా పట్టుకుని కూర్చుంది. అర్థమయింది. జాలేసింది. జాలేసిన కొద్దీ కోపం ఇంకా పెరిగింది. ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

అప్పుడే మా ఆయన అంగడి నుంచి అన్నానికి వచ్చాడు.

"నాయనా, చేతులెత్తు" అంది మా అత్త.

"ఏందీ?"

"ఎత్తు రా."

అయోమయంగా రెండు చేతులూ తల పైకెత్తాడు. హాయిగా లేచాయి. ఈ ఇంట్లో రెండు చేతులూ లేచే మనిషి ఆయన ఒక్కడే.

"రేపట్నుంచి మిద్దె మీద బట్టలు నువ్వే ఆరెయ్యాల" అంది ఆమె. మిషన్ మాత్రం వదలలేదు.

మర్నాడు ఆయన బకెట్ మోసుకుని మిద్దెక్కాడు. షెడ్లలో వాళ్లు ఉలులు ఆపి పైకి చూశారు. "ఏం అన్నా, కొత్తపని!" అని ఒకడు కేక వేశాడు. సాయంత్రం బట్టలు దులుపుతుంటే దుమ్ము కళ్లల్లో పడిందని తిట్టుకున్నాడు. రెండోరోజు దుప్పట్లు. మూడోరోజు మెడ పట్టేసిందని తైలం అడిగాడు.

నాలుగో రోజు కిందికి దిగి, ఖాళీ బకెట్ నా ముందు పెట్టి, భుజం నొక్కుకుంటూ అన్నాడు.

"మే, ఇంకో డ్రైయర్ తెచ్చుకుందామా?"

నా చెయ్యి దిగిపోయినా రాని మాట, ఆయన భుజానికి నాలుగో రోజే వచ్చింది. నవ్వాలో తిట్టాలో తెలియలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను.