పూలవాన లేని క్యాసెట్

మొన్న ఆదివారం సైనిక్‌పురిలో మా ఇంటి భోజనాల బల్ల మీద మా అల్లుడు కొత్త కంప్యూటరు బిగిస్తుంటే, కూరగాయలు తరుక్కోవడానికి చోటు లేకుండా చేశాడని లోపల్లోపల విసుక్కుంటూ నేను పక్కనే కూర్చున్నాను. అంతా బిగించి, అందులో వేసిన ర్యామ్ ముక్కలు అట్టపెట్టె మీద రాసినంత వేగంగా పనిచేయాలంటే లోపల ఒక అమరిక మార్చాలని చెప్పి, ఏదో నొక్కి మళ్లీ ఆన్ చేశాడు. తెర నల్లబడిపోయింది. ఎంతసేపటికీ అందులో ఒక్క అక్షరం రాలేదు. పాపం కొత్తది కాస్తా పోయిందని నేను కంగారుపడ్డాను కానీ, అతను మాత్రం నింపాదిగా టీ కప్పు అందుకుని, "పరేషాన్ కాకండి అత్తమ్మా, ఎంత స్పీడు తట్టుకోగలదో అదే నేర్చుకుంటది, జెర ఆగితే వస్తది" అన్నాడు. తనంతట తనే నేర్చుకుంటుందట. ఆ మాట వినగానే నాకు ఆ ఇల్లూ ఆ బల్లా మాయమై, బోయిగూడలో మా అక్క వాళ్ల ముందు గదీ, అలాగే నల్లబడ్డ ఇంకో తెరా, దాని ముందు తల పట్టుకు కూర్చున్న మా బావా కళ్ల ముందుకు వచ్చారు.

మా బావ పెళ్లి వీడియోలు తీసి, వాటికి మిక్సింగ్ చేసేవాడు. డిగ్రీ అయ్యాక ఏ ఉద్యోగమూ దొరక్క ఇంట్లో అందరి నోళ్లలోనూ పడుతున్న నన్ను మా అక్కే తీసుకువచ్చి ఆ కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది. మన వయసు వాళ్లకు నేను వివరించి చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో పెళ్లి క్యాసెట్ అంటే ఆకాశం నుంచి గులాబీలు రాలాలి, తమలపాకు విచ్చుకుని అందులోంచి పెళ్లికూతురు నవ్వాలి, కొత్త దంపతులు ఏనాడూ చూడని మంచుకొండల ముందు నిలబడి ఉండాలి. పెళ్లిలో నిజంగా వినిపించిన శబ్దాన్ని మొత్తం తీసిపారేసి దాని చోట పాటలు పెట్టడమే మా పనిలో మొదటి మెట్టు, ఎందుకంటే ఆ శబ్దంలో బ్యాండువాళ్ల గోల, వంటవాళ్ల కేకలు, ఎవరిదో దగ్గు తప్ప వినదగ్గది ఏమీ ఉండదని మా అందరి నమ్మకం. కెమెరాలోంచి తీసిన క్యాసెట్‌ను మేం కచ్చా క్యాసెట్ అనేవాళ్లం. దాన్ని గిరాకీకి చూపించడమంటే పెళ్లికూతుర్ని తల కూడా దువ్వకుండా పీటల మీద కూర్చోబెట్టడం లాంటిదని మా బావ అనేవాడు. పని అయిపోగానే ఆ క్యాసెట్ మీదే తర్వాతి పెళ్లి ఎక్కించేసేవాళ్లం. ఈ లైన్లో ఉన్న వాళ్లందరూ అలాగే చేసేవారు, అందులో తప్పు ఉంటుందని ఎవరికీ తోచలేదు.

అలాంటి రోజుల్లో బోయిన్‌పల్లి నుంచి ఒక పెళ్లి పని వచ్చింది. పెళ్లికూతురి తండ్రి అక్కడి మార్కెట్లో ఉల్లిగడ్డల వ్యాపారి, గుండె జబ్బుతో పెళ్లికి ముందే ఆసుపత్రిలో చేరాడు. ముహూర్తం మార్చితే మందులు మానేస్తానని పట్టుబట్టి, తను లేకుండానే పెళ్లి జరిపించాడట. అప్పగింతల్లో పిల్ల చేతిని అత్తవారి చేతుల్లో పెట్టింది ఆయన తమ్ముడు. సోమవారం పొద్దున ఆయనకు ఆపరేషన్. డాక్టర్లు ధైర్యంగా ఏమీ చెప్పడం లేదు. ఆపరేషన్ బల్ల ఎక్కేలోపు బిడ్డ అప్పగింతలు ఒక్కసారి కళ్లతో చూసుకోవాలన్నదే ఆయన కోరిక అని పెళ్లి మర్నాడే పెళ్లికూతురి అన్న వచ్చి, మా బావ చేతులు పట్టుకుని వదలకుండా నిలబడ్డాడు. మా బావ కళ్లు తుడుచుకుని, ఆదివారం కల్లా ఇచ్చేస్తానని మాటిచ్చాడు. మెత్తని మనిషి, మాట ఇచ్చేటప్పుడు ముందూ వెనకా చూసుకునే అలవాటు లేదు.

చిక్కంతా మా కంప్యూటరుతోనే. పూలూ తమలపాకులూ పెట్టిన బొమ్మనంతా అది ఒక్కొక్కటిగా లెక్క కట్టి కలిపి తయారు చేయడానికి రోజులు పట్టేది, మామూలుగా వదిలేస్తే ఆపరేషన్ అయిపోయాక గానీ పూర్తయ్యేలా లేదు. పూలవాన తీసేద్దాం బావా అని నేను అంటే, "పూలవాన లేకుంటే దాన్ని పెండ్లి క్యాసెట్ అంటరా?" అని నా మీదే ఎగిరాడు. ర్యామ్ వేగం పెంచితే పని తొందరగా అయిపోతుందని పార్క్‌లేన్‌లో కంప్యూటరు సామాన్లు అమ్మేవాళ్ల దగ్గర ఎప్పుడో విని ఉన్నాడు, ఆ బుద్ధి అప్పుడు పుట్టింది. ఉన్న ర్యామ్ ముక్క పక్కన ఇంకో కంపెనీ ముక్క తెచ్చి గుచ్చి, ఆన్ కాగానే వచ్చే నీలం తెరలో అంకెలు మార్చి, రెండింటినీ వాటి శక్తికి మించి పరిగెత్తించడం మొదలుపెట్టాడు.

మొదట నిజంగానే పరిగెత్తింది. మేం చప్పట్లు కొట్టినంత పని చేశాం. జీలకర్ర బెల్లం దాటి, తలంబ్రాల దాకా వచ్చి, అక్కడ ఉన్నట్టుండి తెర కొయ్యబారి ఆగిపోయింది. చేసిందంతా పోయింది, మళ్లీ గణపతి పూజ నుంచి మొదలు. ర్యామ్ సంగతి ఇప్పుడైతే నాకు తెలుసు, బంతిలో వడ్డించే మనిషిని మరీ తొందరపెడితే పప్పు పడాల్సిన చోట పెరుగు పడుతుంది, అలాగే అది కూడా ఒకచోట దాచాల్సింది ఇంకోచోట దాచి, తర్వాత వెతుక్కోలేక నిలిచిపోతుంది. అప్పుడు మాకు అంత జ్ఞానం లేదు. ముక్కలు ఊడదీసి వాటి ఇత్తడి రంగు అంచుల్ని పెన్సిల్ రబ్బరుతో రుద్దాం, అటుది ఇటు ఇటుది అటు మార్చాం, డబ్బా మూత తీసేసి ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ దానికే తిప్పి మేం చెమటలు కక్కుతూ కూర్చున్నాం. మా అక్క డబ్బాకు బొట్టు పెట్టి అగరొత్తి వెలిగిస్తే, పొగ లోపలికి పోతుందని మా బావ దాన్ని ఆర్పేశాడు. మా అక్క ఆ రోజంతా అతనితో మాట్లాడలేదు.

వేగం ఒక మెట్టు తగ్గిస్తే సప్తపది దాకా వచ్చేది, ఆ ముక్కలకు కరెంటు కాస్త ఎక్కువ ఇస్తే అరుంధతి దాకా వచ్చేది. ఒక్కసారి కూడా అప్పగింతల దాకా రాలేదు. మొత్తం పెళ్లిని ఒకే దండగా గుచ్చేశాం, అప్పగింతలు ఒక్కటే విడదీసి తీయడం మాకు రాదు. ఎక్కడ ఆగుతుందో ముందుగా తెలిసినా బాగుండేది, మధ్యాహ్నమంతా బుద్ధిగా నడిచి, ఆశ పుట్టించి, సరిగ్గా మేం అన్నం కలుపుకునే సరికి చచ్చిపోయేది. మధ్యమధ్య ఫోను మోగేది. "అన్నా, అయిందానే? నాయిన పొద్దుగాల సంది గదే అడుగుతుండు" అని పెళ్లికూతురి అన్న. "అయితది, అయిపోవచ్చింది" అని మా బావ. ఫోను పెట్టేశాక అతని మొహం చూడలేకపోయేదాన్ని. శనివారం పూలవాన తీసేశాడు, కొండలు తీసేశాడు, తమలపాకు కూడా తీసేశాడు, అయినా ఆ ర్యామ్ ముక్కలు ఒకదానితో ఒకటి పొసగలేదు. పోనీ పాత వేగానికే వెళ్దామంటే, ఇక ఆ వేగంతో సోమవారానికి అందదు. ఆదివారం మధ్యాహ్నానికి మా బావ ఆ డబ్బా ముందు కూర్చుని, "ఒక్క పాలి, ఒక్క పాలి నడువ్ తల్లీ" అని దాన్ని బతిమాలుతుంటే, నాకు భయమూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఒక మనిషి ఆఖరి కోరిక మా చేతుల్లో పాడైపోతోంది, మాకు చేతనైంది ఒక్కటీ మిగల్లేదు.

అప్పుడు పెళ్లికూతురే వచ్చింది. పాదాల పసుపు ఇంకా పోలేదు, అత్తవారింటి నుంచి ఆసుపత్రికి పోతూ దారిలో ఆటో ఆపించిందట. గుమ్మంలోనే నిలబడి, ఆగిపోయిన తెరను, ఫ్యాను కింద నోరు తెరుచుకున్న డబ్బాను చూసింది. కోప్పడుతుందేమో అనుకున్నాను. "అన్నా, పాటలు గిట్ల ఏం వద్దే. మీరు తీసిన క్యాసెట్ ఉంటది కదా, గట్లనే ఇయ్యి, నాయిన చూస్తడు" అంది.

మా బావ కెమెరా వైపు తిరిగి చూశాడు. అన్ని రోజులూ ఆ క్యాసెట్ కెమెరాలోనే, మా మోచేతి దగ్గరే ఉంది. కెమెరా పక్కన తెరుచుకునే అరచేతంత తెర కూడా ఉంది. ఆ మాట మాలో ఒక్కరికీ తట్టలేదు, ఎందుకంటే కచ్చా క్యాసెట్ బయటివాళ్లు చూసేది కాదు, అంతే. అప్పటికీ అతను, "అది మంచిగుండదమ్మా, మస్తు లొల్లి ఉంటది దాంట్ల" అని నసిగాడు. మా అక్క ఇక ఆగలేదు, కెమెరా తీసి నా చేతిలో పెట్టి, "పిల్లతోని నువ్వు పో" అంది.

ఆసుపత్రి మంచం మీద ఆయన చాలా చిన్నగా కనిపించాడు. మార్కెట్లో వేలం పాడి పాడి అరిగిపోయిన గొంతు, అదీ బాగా తగ్గింది. ఆయన కళ్లకు దగ్గరగా కెమెరా పట్టుకుని అప్పగింతలు పెట్టాను. బ్యాండు మోగుతోంది, ఎవరో బువ్వకు పిలుస్తున్నారు, అవతల పసివాడెవడో ఏడుస్తున్నాడు. తమ్ముడు బిడ్డ చేతిని అప్పగిస్తుంటే ఆయన తన చేతిని దుప్పటి మీద కొంచెం ముందుకు చాచాడు. ఆ తర్వాత ఉన్నది నేను ఎన్నోసార్లు చూశాను కానీ ఏనాడూ వినలేదు, ఎందుకంటే మొదటి రోజే ఆ శబ్దం తీసేసి దాని మీద పాట పెట్టింది నేనే. కారు ఎక్కబోతూ ఆ పిల్ల వెనక్కి తిరిగి నేరుగా కెమెరాలోకి చూస్తుంది. మా మిక్సింగ్‌లో ఆ చూపు చుట్టూ గుండె బొమ్మ వస్తుంది. కచ్చా క్యాసెట్‌లో మాత్రం ఆమె మాట్లాడుతోంది.

"నాయినా, మందులు టైముకు ఏస్కో. నేను ఏడుస్తలేను, చూడు."

కళ్లనిండా నీళ్లతోనే ఆ మాట అంది. ఆయన "గా ముక్క మళ్ల పెట్టు బిడ్డా" అని అడిగాడు. పెట్టాను. మళ్లీ అడిగాడు, మళ్లీ పెట్టాను. మంచం అవతలి వైపు నిలబడ్డ ఆ పిల్ల కూడా ఏడవడం లేదు, పంతం పట్టినట్టు. చివరికి బ్యాటరీ అయిపోయి తెర నల్లబడింది. నేను కెమెరా దించబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు, ఆ నల్లటి తెర వైపే చూస్తూ ఉన్నాడు.

సోమవారం ఆపరేషన్ బల్ల మీద నుంచి ఆయన తిరిగి రాలేదు. తర్వాత మా బావ కొత్త ర్యామ్ ముక్క తీసేసి, పాతదాన్ని దాని వేగంతో నడవనిచ్చి, పూలవానతో సహా మొత్తం పూర్తి చేశాడు, ఎక్కడా ఆగలేదు. పెళ్లికూతురి అన్న వచ్చి దాన్ని ఒకసారి తిప్పి చూసి బల్ల మీద పెట్టేసి, కచ్చా క్యాసెట్ మాత్రం అడిగి తీసుకుపోయాడు. ఆ తర్వాత మా బావ ఏ పెళ్లి మీదా ఇంకో పెళ్లి ఎక్కించలేదు, చోటు లేదని మా అక్క ఎంత గొణిగినా వినలేదు.

ఇదంతా నేను తలుచుకుంటూ ఉండగానే మా అల్లుడి కంప్యూటరు వెలిగింది. అడిగిన వేగాన్ని అది నిలకడగా పట్టుకుంది, అగరొత్తీ అక్కర్లేదు, బతిమాలడమూ అక్కర్లేదు. ఇంట్లో ఉన్న పాత వీడియోలు ఇస్తే వెనకాల లొల్లి అంతా దానంతట అదే తీసేసి కడిగిన ముత్యంలా చేసి ఇస్తుందని సంబరంగా చెప్పాడు, మా అమ్మాయి పెళ్లిదే ముందు ఇవ్వమన్నాడు. మేం రోజుల తరబడి పడ్డ యాతన ఇప్పుడు క్షణాల పని, అందుకు నాకేమీ బాధ లేదు, ఆ యాతన ఎవరికీ వద్దు. కానీ ఆ రోజు మా డబ్బా కూడా ఇంత బుద్ధిగా పనిచేసి ఉంటే, ఆదివారం పొద్దునకే పూలవాన క్యాసెట్ తయారై ఆసుపత్రికి వెళ్లిపోయేది, ఆయన గుండె బొమ్మలో మాట వినిపించని బిడ్డను చూసేవాడు, ఆ పిల్ల అన్న మాట మీద ఇంకెవరి పెళ్లో వచ్చి కూర్చునేది. మా అమ్మాయి పెళ్లి వీడియో అతనికి ఇచ్చాను. లొల్లి మాత్రం ఉంచమన్నాను.