మా అత్త పసరు, మా అత్త భయం

మా మేనత్త పోయిందని సోంపేట నుంచి కార్డు వచ్చింది. టెక్కలి బడిలో పాఠం చెబుతూ మధ్యలో చదివాను. నిజం చెప్పాలంటే ఏడుపు కన్నా ముందు భయం వేసింది. ఉద్దానంలో కామెర్లొచ్చిన వాళ్ళంతా ఇక ఎవరి గుమ్మం ఎక్కాలి?

పోయినేడు తొలకరిలో మా ఆవిడ ఏవో పుట్టగొడుగులు వండుకు తిని రెండు రోజులు వాంతులు చేసుకుంది. తర్వాత కళ్ళు పచ్చబడ్డాయి. బండి కట్టించి అత్త ఇంటికి చేర్చాను. అత్త కామెర్లకు పసరు పోసేది. కొబ్బరితోటలో నడుం వంచి, ప్రతి రెమ్మా తిప్పి చూసి, ఆకుల కింద ఆవగింజంత కాయలు వరసగా కనపడితేనే కోసేది. నూరి, పిండి, మజ్జిగలో కలిపి తాగించేది. మొక్క పేరు బయటపెడితే మందు పనిచెయ్యదని మావైపు నమ్మకం. అందుకని ఎవరూ అడిగేవారు కాదు.

రోగి ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అత్త కూడా ఉప్పులేని గంజే తాగేది. ఊరంతా అది వ్రతమనుకుంది. నేనూ అలాగే అనుకుని మెచ్చుకోబోతే కసిరింది.

"వరతం నేదు, గిరతం నేదు. ఈ పిల్ల బతుకుద్దో నేదో అని బయం. ఏటీ గొంతు దిగదు నాయినా."

"ఇంతమందిని బతికించావు కదత్తా?"

"పసరు బతికించిందో, ఆళ్ళ ఆయుస్సే బతికించిందో నాకేటి తెలుసు?"

మా ఆవిడ లేచి తిరగడానికి నెల పైనే పట్టింది. ఆమె ప్రాణం అత్త పెట్టిన భిక్షేనని నేను ఇవాళ్టికీ అంటాను. బయల్దేరేనాడు అత్త ఆమెను తోటలోకి తీసుకెళ్ళి మొక్క చూపించింది. నేల ఉసిరి. రోజూ మేం తొక్కుకుంటూ తిరిగేదే.

"పేరు సెప్తే మందు పంజెయ్యదంటారు. సెప్పకపోతే నాతోనే పోద్ది. అందుకే సెప్పీసినానమ్మా" అంది.

అత్త పోయిన పదోరోజుకి ఇద్దరం సోంపేట వెళ్ళాం. అరుగు మీద నందిగాం రైతొకడు, పక్కన పచ్చటి కళ్ళతో అతని కూతురు. అత్త లేదని వాళ్ళకి తెలియదు. చెప్పినా లేవలేదు. అత్త మొక్క చూపించింది ఆమెకేనని తెలిసిన చుట్టాలంతా మా ఆవిడ వైపు చూశారు. వద్దందామనుకున్నాను. ఆ పిల్లకేమన్నా అయితే పాపం మాకు చుట్టుకుంటుందని భయపడ్డాను. ఆ మాట అనేలోపే మా ఆవిడ తోటలోకి వెళ్ళింది.

పసరు పోయడం మొదలెట్టి ఇవాళ నాలుగో రోజు. పొద్దున ఎండలో ఆ పిల్ల కింది రెప్ప లాగి చూసి, మా ఆవిడ పసరు నూరడానికి వెళ్ళిపోయింది. ఆమెను అడిగే ధైర్యం లేక తండ్రి నా మొహంలోకి చూస్తున్నాడు.